కండక్టర్లూ, మా ఏసుమణి అన్నా

మా ఏసుమణి అన్నకు కండక్టరు కనిపిస్తే పోట్లాట వస్తుంది. కొందరికి దుమ్ము తగిలితే తుమ్ము వచ్చినట్టు. ఖాకీ చొక్కా, చేతిలో టికెట్ మిషను, నోట్లో విజిల్, ఈ మూడూ ఒకేచోట కనిపించాయంటే ఆయన అడుగు ముందుకు వేసి, మెడలో టేపు సర్దుకొని, "ఏమయ్యా, ఒక మాట," అంటాడు. ఆ ఒక్క మాటా తేలేసరికి డ్రైవరు ఇంజను ఆపి, కిందికి దిగి, టీ తాగి, మళ్ళీ ఎక్కుతాడు.

మిగతా లోకంతో ఆయనకు ఏ పేచీ లేదు. చిట్టమూరులో మా జెరాక్స్ షాపుకూ ఆయన టైలరు షాపుకూ మధ్య ఒకటే గోడ. ఆ గోడ అవతలి నుంచి మిషను చప్పుడూ కూనిరాగమూ తప్ప పెద్ద గొంతు నేనెన్నడూ వినలేదు. జాకెట్టు బిగుతైందని ఎవరైనా మీదికొస్తే, "నిజమేనమ్మా, విప్పి కుడతా," అంటాడు. ఆదివారం చర్చిలో కానుకల సంచీ పట్టుకొని వరసల మధ్య తిరిగేటప్పుడు కూడా, అడుగుతున్నందుకు తానే సిగ్గుపడుతున్నట్టు తల వంచుకుంటాడు. అలాంటి మనిషి ఆర్టీసీ బస్సు ముందు పులి అయిపోతాడు.

ఉప్పుగాలి బ్యాండు వాళ్ళు తమ పేజీలో, "మా టూరుకు వచ్చినవాళ్ళు మీ అనుభవాలు రాసి పంపండి," అని అడిగారు. అందరూ గిటారు గురించీ డప్పు గురించీ రాస్తున్నారు. నేను ఏసుమణి అన్న గురించి రాస్తున్నాను. మా అనుభవమంతా ఆయనే ఆక్రమించుకుంటే నన్నేం చేయమంటారు?

ఉప్పుగాలి తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే ఒక ముక్క చెబుతాను. ఐదుగురు పిల్లలు. ఒకడికి గిటారు, ఒకడికి డ్రమ్స్, ఒకమ్మాయికి డప్పు. మన తీరంలో వల లాగేటప్పుడూ నాట్లు వేసేటప్పుడూ పాడే పాటల వరసలు తీసుకొని, వాటికి కరెంటు పెట్టి పాడతారు. కరెంటు అన్న మాట నాది కాదు, నాగులమ్మది. పులికాట్ ఒడ్డున వాళ్ళ ఊరు, మొగుడు సరస్సులో వేటకు పోతాడు, ఆమె చిట్టమూరులో చేపలమ్ముతుంది. మొదటిసారి నా ఫోన్లో వాళ్ళ పాట విని, "ఇది మా అమ్మ పాడేదే గదా! దీనికి కరెంటు ఎవురు పెట్టినారు?" అంది. ఆ రోజు నుంచి, ఉప్పుగాలి ఎక్కడ పాడితే అక్కడికి పోయే మా చిట్టమూరు గుంపులో ఆమెను మించిన అభిమాని లేదు. మోకాళ్ళ నొప్పులు కాబట్టి నిలబడి గెంతలేదు, కుర్చీలో కూర్చునే భుజాలతో ఆడుతుంది.

ప్రతిచోటా వాళ్ళు ఆఖరున పాడేది తెప్ప తిరిగొచ్చే పాట. అన్ని వాయిద్యాలూ ఆపి ఒక్క గొంతుతో మొదలుపెడతారు. మెల్లగా డప్పు కలుస్తుంది, ఆపైన గిటారు, ఆపైన మైదానం మొత్తం. పోయినేడు కోట అనే ఊళ్ళో ఆ పాట మధ్యలో లేచి రావడానికి నాగులమ్మ ఒప్పుకోలేదు. పాట అయ్యాక ఆమెను నడిపించుకొని బయటికి వచ్చేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. చేపల వ్యాను ఒకటి దొరికేదాకా అందరం బస్టాండులో కూర్చున్నాం. "ఇంక నేను రాన్లే నాయనా. నన్ను ఏసుకోని తిరిగితే మీకు ఇదే గతి," అంది నాగులమ్మ. మేమందరం "అదేం లేదులే" అన్నాం కానీ గట్టిగా అన్నవాళ్ళు తక్కువ. ఈ ఏడు ఆమెను మళ్ళీ బయల్దేరదీయడానికి నేను ఎంత బతిమాలానో నాకే తెలుసు. "ఒక్కసారి బస్సు తప్పినా, ఇంక నన్ను పిలవబాకండి," అన్న షరతు మీద వచ్చింది.

టూరు కావలిలో మొదలైంది. సాయంత్రం ఆట. ఆఖరి పాట ఇంకా మొదలవనే లేదు, ఏసుమణి అన్న లేచి నిలబడ్డాడు.

"యాడికన్నా?" అన్నాను.

"కిటికీ సీటు పట్టుకోవాలమ్మా స్వర్ణా."

"దీని కోసమే గదన్నా వచ్చింది! ఆ పాట వినకుండా పోతే ఎట్టా?"

"పాటలో ఏముందిలే, అంతా గోల," అని వెళ్ళిపోయాడు. పొద్దంతా మిషను దగ్గర ఉప్పుగాలి పాటలే కూనిరాగం తీసే మనిషి అనాల్సిన మాటేనా అది?

మేము పాట విని, నాగులమ్మను పట్టుకొని బయటికి వచ్చేసరికి గూడూరు పోయే ఆఖరి బస్సు ఇంకా అక్కడే ఉంది. దాని ముందు మా అన్న ఉన్నాడు.

"ముందు బోర్డు చూస్తే గూడూరు. ఎనక బోర్డు చూస్తే నెల్లూరు. నేను పక్కనించి వచ్చినా. నేను యాడికి పోవాల?"

"ముందు బోర్డే లెక్కయ్యా!" అంటున్నాడు కండక్టరు.

"అయితే ఎనకది ఎందుకు తగిలిచ్చినారు? దిష్టికా?"

బస్సులో ఉన్నవాళ్ళంతా తిడుతున్నారు. మేము తలలు దించుకొని ఒక్కొక్కరం ఎక్కాం. నాగులమ్మ ఒక్కో మెట్టుకూ ఒక్కో దేవుణ్ణి తలుచుకుంటూ ఎక్కి కూర్చుంది. అప్పుడు ఏసుమణి అన్న, "సరే పో, ఈసారికి ఇడిచిపెడతుండా," అని కండక్టరును క్షమించి, చివరి సీట్లో కూర్చున్నాడు. అక్కడ కిటికీ కూడా లేదు.

తర్వాతి ప్రోగ్రాం గూడూరులో. అక్కడ బస్సు కిటికీ మీద పడ్డాడు.

"ఈ అద్దం మూస్తే మూసుకోదు, తెరిస్తే తెరుచుకోదు."

"ఇప్పుడు ఎట్టుండాది?"

"సగంలో ఉండాది. వానొస్తే సగమే పడమని చెప్తావా?"

నెల్లూరులో సంగతి ఇంకా ముదిరింది. బస్సు మెట్టు ఎత్తు ఎక్కువని మెడలో టేపు తీశాడు. మేము వచ్చేసరికి టేపు ఒక కొస ఏసుమణి అన్న చేతిలో, రెండో కొస కండక్టరు చేతిలో. ఆ కండక్టరు ముఖం ఎర్రగా చేసుకొని తిడుతున్నాడు, కానీ టేపు మాత్రం బిగుతుగా పట్టుకునే ఉన్నాడు. "కొంచెం కిందికి దించు," అంటే దించుతున్నాడు కూడా. ఆఖరికి తాను ఏం పట్టుకున్నాడో చూసుకొని, టేపు విసిరికొట్టి, "ఈ గుంపును ఇంకోసారి నా బండి ఎక్కనీను!" అని అరిచాడు.

నాగులమ్మ మాత్రం సంతోషంగా ఉంది. "ఈ ఏడు యాడా బస్సు తప్పలేదు చూసినావా? అంతా మా పోలేరమ్మ చలవ," అంది. పోలేరమ్మ సంగతేమో కానీ ఏసుమణి అన్న వల్ల మాత్రం మా పరువు పోతోందని మా వాట్సాప్ గ్రూపు అడ్మిన్ చిన్నబాబు తేల్చాడు. "నాయుడుపేటలో టూరు ఆఖరి ప్రోగ్రాం. అక్కడ గానీ మళ్ళీ కొట్లాడినాడా, గ్రూపులోంచి తీసేస్తా. వచ్చే ఏడు ఆయన దారి ఆయనది, మన దారి మనది," అన్నాడు. ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు. ఆయన చొక్కా పట్టుకొని కూర్చోబెట్టే పని నాకు అప్పగించారు.

నాయుడుపేటలో రోడ్డు పక్కన మైదానం. గోడ అవతలే బస్సులు ఆగుతాయి. ఆఖరి పాటకు ముందు గిటారు అబ్బాయి నీళ్ళు తాగుతున్నాడు. నేను నాగులమ్మ కొంగు సర్ది తిరిగి చూసేసరికి ఏసుమణి అన్న కుర్చీ ఖాళీ. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వెనకే పరుగెత్తాను.

అప్పటికే బస్సు ముందున్నాడు. చిట్టమూరు వైపు అదే ఆఖరి బస్సు. కండక్టరు ఈసారి ఆడమనిషి, చొక్కా మీద ధనలక్ష్మి అని పేరు.

"ఏమ్మా, ఒక మాట. మీ బోర్డు మీద అక్షరాలు చీమలంత ఉండాయి."

"అవునన్నా. నాక్కూడా కనపడవు."

ఏసుమణి అన్న కాస్త తడబడ్డాడు. "మెట్టు ఎత్తు ఎక్కువుండాది."

"బో ఎత్తన్నా. ఎక్కీ దిగీ నా నడుము పొయ్యింది."

"కిటికీలు..."

"ఒక్కటీ మూసుకోదన్నా. తప్పు మాదే. ఎక్కు, పోదాం."

ఆయనకు చెమటలు పట్టాయి. పోట్లాటకు ఇద్దరు కావాలి కదా, ఇక్కడ ఒక్కడే ఉన్నాడు. ధనలక్ష్మి విజిల్ నోట్లో పెట్టుకుంది. గోడ అవతల ఒక్క గొంతుతో ఆఖరి పాట మొదలైంది. ఏసుమణి అన్న ఒక్కసారిగా చేతులు జోడించాడు.

"అమ్మా, దణ్ణం పెడతా, ఆ పాట అయ్యేదాకా ఆపమ్మా. లోపల ఒక పెద్దామె ఉండాది. మోకాళ్ళు బాగలేవు. ఆ పాట వినకుండా లేవదు, లేచినాక మనలాగా బిన్నా నడవలేదు. పోయినేడు కోటలో బస్సు తప్పింది, ఇంక రానని కూచునింది. ఈసారీ తప్పితే మళ్ళీ రాదమ్మా. ఆమెకి ఉండే సరదా అదొక్కటే."

నేను ఆ గోడ పక్కనే నిలబడిపోయాను. ఇన్నాళ్ళూ నేను పడిన సిగ్గంతా తిరిగి నా మీదికే వచ్చింది.

"ఆ మాటేదో మొదట్లోనే చెప్పకూడదా అన్నా?" అంది ధనలక్ష్మి.

"కోటలో చెప్పినానమ్మా. ముందుగా వచ్చి బతిమాలినా. రూలు ఒప్పుకోదన్నాడు, బండి తీసినాడు. మర్యాదగా అడిగితే ఒక్క నిమిషం ఆగలేదు. కొట్లాడితే ఎంతసేపైనా ఆగతాది. కొట్లాటకి రూలు లేదు గదా."

ధనలక్ష్మి నవ్వు ఆపుకోలేకపోయింది. "మెడలో టేపు ఏసుకున్నాయన వస్తాడు, ఏం చెప్పినా అవునని బండి తియ్యమని మావోళ్ళు చెప్పి పంపినారు. నువ్వేనా అది! పో, నువ్వు కూడా పొయ్యి విను. నేను ఆపుతా."

"నేనట్టా పోతే నువ్విట్టా పోతావు."

"ఇదిగో, నా విజిల్ తీసుకో. రెండు విజిల్స్ పడందే మా డ్రైవరు బండి కదిలియ్యడు. చాల్నా?"

ఆయన విజిల్‌ను గుప్పిట్లో పెట్టుకొని, నన్ను అప్పుడు చూశాడు. "ఎవురికీ చెప్పబాక స్వర్ణా," అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కుపోయాను.

నాగులమ్మ పక్కన కూర్చోగానే ఆమె, "ఏమయ్యా, ఈ రోజు కిటికీ సీటు వద్దా?" అని అడిగింది. అప్పటికే డప్పు కలిసింది. గిటారు కలిసింది. నాగులమ్మ భుజాలు ఆడుతున్నాయి. నేను పాట వినలేదు, ఏసుమణి అన్న ముఖమే చూశాను. చిన్నపిల్లవాడికి మొదటిసారి సముద్రం చూపించినట్టుంది. ఆ పాటంటే ఎంత ఇష్టమో, అంత ఇష్టమైనదాన్ని ఆయన ఎన్ని ఊళ్ళలో వదులుకున్నాడో అనిపించి నాకు కళ్ళు చెమర్చాయి.

పాట ఒక్కసారిగా ఆగింది. చప్పట్లు మొదలవడానికి ముందు అంతమంది జనం ఊపిరి బిగబట్టే ఒక్క క్షణం ఉంటుంది. ఆ క్షణంలో మా అన్న ఆనందం పట్టలేక విజిల్ నోట్లో పెట్టి, గుండెల్లో ఉన్న గాలంతా పెట్టి ఊదాడు. అదీ రెండుసార్లు.

గోడ అవతల ఇంజను గుర్రుమంది. నిద్రపోతున్న డ్రైవరు, పాపం, అలవాటు చొప్పున గేరు వేశాడు.

"బస్సు! బస్సు పోతుండాది!" అని అందరికంటే ముందు కేక వేసినది నాగులమ్మ. అందరికంటే ముందు పరుగెత్తినదీ ఆమే. ఆ మోకాళ్ళు ఎవరివో, ఆ పరుగు ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. మేము రోడ్డు మీదికి వచ్చేసరికి ధనలక్ష్మి బస్సు వెంట పరుగెడుతూ రేకు మీద దబదబా బాదుతోంది, విజిల్ ఆమె దగ్గర లేదు కదా. నాలుగు అంగళ్ళు దాటాక బస్సు ఆగింది.

నాయుడుపేట నుంచి చిట్టమూరు దాకా ధనలక్ష్మి ఏసుమణి అన్నతో పోట్లాడింది. విజిల్ విలువ చెప్పింది, ఉద్యోగం విలువ చెప్పింది, మగవాళ్ళ బుద్ధి చెప్పింది. ఆయన ప్రతి మాటకూ, "నిజమేనమ్మా, తప్పు నాదేనమ్మా," అంటూ చిరునవ్వుతో కూర్చున్నాడు.

ఎవరికీ చెప్పబాకమన్నాడు కాబట్టి, చిన్నబాబుకు చెప్పాను. అంటే ఆ రాత్రికే గ్రూపులో అందరికీ తెలిసింది, నాగులమ్మకు తప్ప. ఆమె ఇంకా పోలేరమ్మకే మొక్కుతోంది, మేమూ కాదనడం లేదు. ఇప్పుడు గ్రూపులో ఒక తీర్మానం ఉంది. వచ్చే టూరులో ఆఖరి పాటకు ముందు లేచిపోయే పని వంతులవారీగా. మొదటి ఊరు నాది.

చిక్కేమిటంటే నాకు పోట్లాట రాదు. అందుకని సాయంత్రాలు గోడ అవతలికి వెళ్ళి నేర్చుకుంటున్నాను. "గొంతు పెంచబాక. తిట్టబాక. ప్రశ్న ఎయ్యాల. ప్రశ్నకి బదులు చెప్పకుండా ఏ కండక్టరూ పోలేడు," అంటాడు గురువుగారు. నిన్న ఆయన కండక్టరు, నేను ప్యాసింజరు. నేను కిటికీ గురించి అడిగాను, ఆయన జవాబు చెప్పాడు, నాకు ఇంకో ప్రశ్న తోచలేదు.

"బండి పొయ్యిందమ్మా స్వర్ణా," అన్నాడు ఏసుమణి అన్న బాధగా. "నాగులమ్మ ఇంకా గేటు కాడే ఉండాది. మళ్ళీ మొదులుపెట్టు."