చంద్రుణ్ణి నమ్ముకొని పరీక్ష మార్పించుకున్న హజీరా

రంజాన్ పాయసం షీర్ ఖుర్మా తాపిచ్చి హజీరా మార్కులు ఏపిచ్చుకున్యాదని ఆళ్లగడ్డంతా చెప్పుకుంటాండారు. షీర్ ఖుర్మా కాలేజీకి పోయిన మాట నిజమే. మార్కులు మాత్రం దాంతో రాలే.

హజీరా అంటే బస్టాండు ఎనక జాకెట్లు కుట్టే హజీరానే. పెండ్లప్పుడు ఆగిపోయిన చదువును, కూతురు సానియా ఇంటర్‌కొచ్చినాక మళ్లా ఎత్తుకున్యాది. నంద్యాల్లో డిగ్రీ. పోయినేడు అకౌంట్స్ తప్పింది. "ఈసారీ తప్పితే పుస్తకాలు అటకెక్కిస్తా" అని మొగుడు లాల్ సాహెబ్‌కు తానే మాటిచ్చినాది.

రంజాన్ కాడికి అకౌంట్స్ ఇంటర్నల్ పడింది. పిల్లోళ్లు ఎక్కువని రెండు జట్లు చేసినారు. ఒకటి మంగళారం, ఇంకోటి బుధారం. హజీరాది బుధారం. క్యాలెండర్లో పండగేమో సోమారం. పండగైనాక బుధారం అక్కాచెల్లెండ్లంతా గడివేములలో పుట్టింటికి చేరాల. అందుకని అకౌంట్స్ చెప్పే మత్తయి సార్ కాడికి పోయి, "నన్ను మంగళారం జట్టులో ఎయ్యండి సార్" అని అడుక్కున్యాది.

"ఏస్తా గానీ, మార్చేది ఒక్కసారే. మళ్లా వద్దంటే కుదర్దు. రాకుంటే సున్నా."

"యాడ వద్దంటా సార్!"

ఆదివారం సందేళ మిద్దెక్కి అంతా మోరలెత్తి చూసినారు. చంద్రుడు కనపల్లే. మసీదు మైకులో చెప్పేసినారు, పండగ మంగళారమని. గడివేముల పోయేది గురువారానికి జరిగింది. గమ్మునుండింటే పండగా దక్కేది, పరీక్షా దక్కేది!

సార్‌కు ఫోన్ చేసినాది. "సార్, మాకు చంద్రుడు కనపల్లే."

"అదేందమ్మా, క్యాలెండర్లో ఏసినాంక గూడా కనపడడా?" సార్‌కు నిజంగానే వింతైంది. మబ్బు పట్టిందా, యాడ చూస్తారు, ఎవురు చెప్తారు అని అన్నీ ఇచారించినాడు. కడాకు, "కాలేజీకి సెలవు సోమారమే. రూల్ రూలేనమ్మా" అనేసినాడు.

లాల్ సాహెబ్ నవ్వాపుకోలేకపోయినాడు. "పండగ పూట పరీక్షేందే? అదీ అడుక్కొని తెచ్చుకున్యావ్!"

"నువ్వు నమాజుకు పో. నేను పరీక్షకు పోతా. ఆ అటక మీద చోటు లేదులే."

తెల్లారకముందే షీర్ ఖుర్మా కాచింది. కొత్త బట్టలు, అత్తరు వాసన, చేతిలో డబ్బా. బస్సులో వాళ్లు ఏ బంధువులింటికో పోతాందనుకున్యారు. పరీక్ష రాసినాంక వరండాలో మత్తయి సార్‌కు గలాసు నిండా పోసింది. సార్ రెండోసారీ అడిగి తాగినాడు. అందరూ చూసిందిదే. మార్కులొచ్చినాక హజీరా క్లాసులో రెండోది. ఇంకేముంది, నోళ్లు లేచినాయి.

ఆ కాలేజీలో ఎవురి పేపరు వాళ్ల సార్ దిద్దడు. నంబరు మీద కాయితం అంటించి వేరే వాళ్లకిస్తారు. హజీరా పేపరు దిద్దింది ప్రమీల మేడం. ఆమెకు షీర్ ఖుర్మా చుక్క గూడా అందలే! తెలిసినాక, "నాకేదమ్మా?" అని ఆమే అడిగిందంట.

ఇప్పుడు మత్తయి సార్ పరీక్ష తేదీ పెట్టాలంటే ముందు హజీరానే పిలుస్తాడు, "మీ చంద్రుడు ఏమంటాండాడు?" అని.

నమ్మకుంటే ప్రమీల మేడాన్నే అడగండి. రెండో ఇంటర్నల్ బక్రీద్ కాడికి పడేట్టుంది. జాకెట్ ఇచ్చేకి పోయినోళ్లు హజీరాను ఒక మాట అడిగి రాండి, ఈసారి తేదీ గానీ మార్పించుకున్యాదేమో.