మూతికి కట్టిన గుడ్డ

మర్రిగూడ జానయ్య మూతి కట్టకుండా దేన్నీ వదిలేవాడు కాదు. నీళ్లకుండకు గుడ్డ, అంబలి గురిగికి గుడ్డ, చివరికి తాను నడిపే టిప్పర్ నూనె డబ్బాకూ గుడ్డే. పెళ్లాం కంటే బండినే ముద్దు చేస్తాడని రోడ్డు కూలీలు ఆట పట్టించేవారు. నవ్వడానికి వాళ్లదేం పోయింది! నలభై ఏళ్లకే అతని నడుము బిగుసుకుపోయింది, భుజాలు పైకి లేవవు. అంతా మీ ఊరి బావినీళ్లలోని ఫ్లోరైడ్ వల్లే అన్నారు దవాఖానలో. మందు మాత్రం చెప్పలేదు. గొర్రెలు కాయలేడు, పార పట్టలేడు. మీట లాగితే తొట్టి తనంతట తానే లేచి మొరం కుమ్మరించే ఆ బండి ఒక్కటే అతనికి కూడు పెట్టేది.

నాగార్జునసాగర్ కట్ట లేస్తున్న రోజులవి. ఆ ఎండాకాలం టిప్పర్ తొట్టి సగం లేచి ఆగిపోవడం మొదలైంది. రోడ్డు పని గుత్తేదారు మహబూబ్‌నగర్ నుంచి రజాక్ మిస్త్రీని పిలిపించాడు. కూలీలు పారలతో మొరం దించుతుంటే, జానయ్య ఆ పారల వంకే చూస్తూ నిలబడ్డాడు.

రజాక్ గొట్టాలన్నీ తడిమాడు. ఎక్కడా కారడం లేదు. ఖాళీ తొట్టిని లేపమన్నాడు. అదీ సగంలోనే ఆగింది. నూనెను తోసి తొట్టిని లేపే పంపు గులకరాళ్లు నమిలినట్టు కరకరలాడింది.

"తొట్టి కిందికి జారుతలేదు జానన్నా. అంటే సిలిండర్ మంచిగనే ఉన్నది," అంటూ రజాక్ పంపుకు నూనె అందించే డబ్బా వైపు వంగాడు. మూతకున్న గాలి రంధ్రం మీద నాలుగు మడతల గుడ్డ, దాని మీద తారు. "గిదేంది?"

"దుమ్ము పోతదని నేనే కట్టిన భాయ్. మీదికెళ్లి తారు గూడ పూసిన."

రజాక్ మూత తిప్పగానే డబ్బా బుస్సుమని గాలి పీల్చుకుంది. ఈసారి మీట లాగితే ఖాళీ తొట్టి పూర్తిగా లేచి నిలబడింది. జానయ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బతికిపోయాననుకున్నాడు.

మళ్లీ మొరం నింపారు. తొట్టి జానెడు కూడా లేవలేదు.

పంపు విప్పి చూస్తే లోపలంతా చెదలు తిన్న కర్రలా ఉంది. రజాక్ చేతులు తుడుచుకున్నాడు. "నూనె పంపుకు పోతాంటే డబ్బాలోకి గాలి రావాలె గదన్నా. గాలి ఆడక, నూనె అందక పంపు ఖరాబయింది. ఇగ పనికిరాదు."

గుత్తేదారు కసురుకోలేదు. అదే జానయ్యను మరీ కుంగదీసింది.

"కొత్త పంపు బొంబాయి నుంచి రావాలె. అందాక డ్రైవర్ గూడ దిగి పార పట్టాలె. నీతోని అయితదా?" అని అడిగాడు గుత్తేదారు.

జానయ్య తాళంచెవి సీటు మీద పెట్టి ఇంటిదారి పట్టాడు.

వాకిట్లో అతని భార్య పుల్లమ్మ బావినీళ్లు గుడ్డతో వడకడుతోంది. మొగుని మొహం చూసి చెయ్యి ఆపింది.

"బండి మంచిగయిందా?"

"ఊపిరాడక సచ్చిందే. నేనే సంపిన. పాణం లెక్క చూసుకుంట సంపిన."

ఆమె చెంబు ముంచి ఇచ్చింది. అతని చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. ఆమే చెంబు పట్టి తాగించింది. అవే నీళ్లు. ఆ ఊళ్లో ఇంకో బావి లేదు.