పేరు అరగదీసిన క్యారేజీ

నా చిన్నప్పుడు ఆడపిల్లని పట్నంలో చదువుకి పెట్టాలంటే తోడుగా ఇంట్లోంచి ఎవరినో ఒకరిని పంపేవారు. మా పిన్ని రాజమండ్రిలో కాలేజీలో చేరినప్పుడు తోడుకి నన్ను పంపారు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో. ఆవిడకి ఏదైనా ముంచుకొస్తే నేను కాపాడతానని ఎవరనుకున్నారో, ఏం చూసి అనుకున్నారో ఇప్పటికీ నాకు అర్థం కాదు. చీకటి పడితే పెరట్లోకి వెళ్ళడానికి నేనే పిన్ని కొంగు పట్టుకునేదాన్ని.

ఆ రోజులు ఈమధ్య తరచుగా గుర్తొస్తున్నాయి. మా అమ్మాయి కూతురు ఈ ఏడే హైదరాబాదులో ఇంజనీరింగులో చేరి హాస్టల్లో ఉంటోంది. అది రైలెక్కిన దగ్గర్నుంచి ఇంటిల్లిపాదీ దానికి జాగ్రత్తలు చెప్పేవాళ్ళే. ఆటో ఎక్కితే నంబరు ఫొటో తియ్యమని ఒకరు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఇంకొకరు, ఎవరేమిచ్చినా తాగొద్దని మరొకరు. బంధువుల వాట్సాప్ గ్రూపులో రోజూ ఏదో ఒక ఘోరం. చదివి చదివి నా కళ్ళు లాగేస్తున్నాయి, ఆ పిల్ల అసలు చదవడమే మానేసి ఉంటుంది. నేను మాత్రం ఏమీ పంపలేదు. భయపడడానికి కూడా కాస్త ఓపిక కావాలి, నా దగ్గర అది అయిపోయింది. నాకు తెలిసిన జాగ్రత్త ఒక్కటే. అది చెప్పాలంటే ముందు మా ఇంటి క్యారేజీ గురించి చెప్పాలి.

మాది గోదావరి మధ్యలో ఉన్న లంక ఊరు. అటువైపు రోడ్డెక్కాలంటే పడవ దాటాల్సిందే. అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. అమ్మా, నాన్నా, నేనూ తాతయ్య ఇంట్లోనే ఉండేవాళ్ళం. పిన్ని పట్నంలో హోటలు కూడు తింటే ఎక్కడ చిక్కిపోతుందోనని తాతయ్య బెంగ. అందుకని అమ్మ తెల్లవారకముందే లేచి వండి, స్టీలు క్యారేజీలో సర్ది మొదటి పడవకి పంపేది. అది రోడ్డు మీద బస్సెక్కి, డ్రైవరు పక్కన కూర్చుని, రాజమండ్రి బస్టాండు ఎదురుగా ఉన్న సోడాకొట్టు దగ్గర దిగేది. లంకల్లోంచి వచ్చి చదువుకునే పిల్లలందరి క్యారేజీలూ అక్కడికే వచ్చేవి. పిన్నీ నేనూ వెళ్ళి మా క్యారేజీ తెచ్చుకునేవాళ్ళం. గోంగూర పచ్చడి వచ్చిన రోజున నేను దారిపొడుగునా మూత వాసన చూస్తూ నడిచేదాన్ని.

అన్ని క్యారేజీల్లో మాది ఏదో తెలియాలి కదా. అందుకే తాతయ్య దాని మీద పేరు చెక్కించారు. ఆ రోజుల్లో గిన్నె కొంటే పేరు చెక్కించకుండా ఇంటికి తెచ్చేవారు కాదు. చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా తాతయ్య ఇంటిపేరు, పేరు, పేరు చివర గారు, కింద ఊరి పేరు. తనకి తానే గారు చెక్కించుకున్నారని మా నాన్న చాటుగా నవ్వేవారు. తాతయ్యకి మాత్రం అది గొప్ప. తన పేరు రోజూ పట్నం వెళ్ళి కూతురికి అన్నం పెట్టి వస్తోందనేవారు.

మేము అద్దెకున్న గది ఒక పెద్దావిడ ఇంటి వెనక భాగం. ఆవిడని మామ్మగారనేవాళ్ళం. పలచగా, పొట్టిగా ఉండేది. ఎప్పుడూ అలిసిపోయినట్టే ఉండేది, మాట కూడా లోపల్నించి తోడుకుని తెచ్చినట్టు మెల్లగా వచ్చేది. కానీ వీధిలోకి వచ్చిన ప్రతి మనిషినీ అరుగు మీద కూర్చునే కనిపెట్టేది. వచ్చిన కొత్తలో పిన్నికి ఆవిడంటే గిట్టేది కాదు. ఇక్కడా ఒక నాన్నగారు దొరికారని నాతో గొణిగేది.

ఒక రోజు మధ్యాహ్నం, పిన్ని కాలేజీ నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పకముందే ఒకాయన వచ్చాడు. తెల్లచొక్కా, పంచె, భుజాన కండువా. చూస్తే మా ఊరి మనిషిలాగే ఉన్నాడు. తాతయ్య ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. ఆయన పొలంలో పడిపోయారనీ, మాట రావడం లేదనీ, అమ్మాయిని వెంటనే తీసుకురమ్మని తనని పంపించారనీ అన్నాడు. మూడింటి బస్సు అందుకోవాలి, ఆలస్యం చేస్తే ఆఖరి చూపు కూడా దక్కదని తొందరపెట్టాడు.

పిన్ని గదిలోకి పరిగెత్తి సంచిలో చేతికందిన బట్టలు కుక్కుతోంది, ఏడుస్తోంది, నా గౌను ఎక్కడుందో నన్నే అడుగుతోంది. అతనెవరో అడగాలని ఆవిడకి తట్టలేదు. నాన్నగారి పేరు చెప్పాడు కదా, అంతకంటే ఏం కావాలి. లంకలో పెరిగిన మాకందరికీ అదే లెక్క. మా ఊళ్ళో పేరు తెలిసిన మనిషి అంటే మనవాడే. పేరు తెలిసినా మనవాడు కానివాణ్ణి మేము అప్పటికి చూసి ఉండలేదు.

మామ్మగారు అరుగు మీంచి లేవలేదు. అతన్ని కూర్చోమంది, ఎండన పడి వచ్చారు కాస్త మజ్జిగ పుచ్చుకోండని నా చేత గ్లాసు తెప్పించింది. అతను సగం తాగాక, అయ్యో పాపం అన్నట్టుగా మొహం పెట్టి అడిగింది.

"వాళ్ళమ్మగారికి కాళ్ళవాపులని చెప్పిందండి లోపలున్న అమ్మాయి. ఇప్పుడు లేచి తిరుగుతున్నారా?"

నేను తెల్లబోయాను. అమ్మమ్మ పోయిన సంగతి మామ్మగారికి బాగా తెలుసు. గదిలో దిగిన మొదటి రోజునే పిన్ని చెప్పింది. అమ్మమ్మ లేదు కదా అనబోతుంటే మామ్మగారు నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. నొప్పికి నోరు మూసుకున్నాను.

అతను తడుముకోకుండా చెప్పాడు. "ఆవిడే ఏడుస్తూ పంపించారండి, పిల్లని తొందరగా తెమ్మని."

గదిలో చప్పుడు ఆగిపోయింది. తలుపు దగ్గరికి వచ్చిన పిన్ని అక్కడే నిలబడిపోయింది, చేతిలో సంచి అలాగే ఉంది.

మామ్మగారు అరవలేదు, నిలదియ్యలేదు. అలాగా అని తల ఊపి, అంత ఆపదైతే ఆడపిల్లల్నిద్దర్నే ఎలా పంపుతాం, మావాళ్ళు కూడా వస్తారని చెప్పి, ఎదురింటి అన్నదమ్ముల్ని పేరు పెట్టి గట్టిగా పిలిచింది. ఆవిడకి అంత గొంతు ఉందని అప్పటిదాకా మాకు తెలియదు. వాళ్ళు చొక్కాలు తొడుక్కుని వచ్చేలోగా అతను రిక్షా మాట్లాడుకొస్తానని వీధి మలుపు తిరిగాడు. మళ్ళీ రాలేదు. మిగిలిన మజ్జిగలో ఈగ పడింది.

అయినా పిన్ని ఏడుపు ఆగలేదు. ఒకవేళ నిజంగానే నాన్నగారికి ఏమైనా అయితే? ఆ అనుమానం తీరాలంటే వెళ్ళి చూడడమే మార్గం, అందరం కలిసే వెళదామని మామ్మగారు ఇంటికి తాళం పెట్టి మాతో బస్సెక్కింది. పడవలో పిన్ని ఆవిడ చేతులు పట్టుకుని బతిమాలింది. నాన్నగారు బాగుంటే ఈ సంగతి చెప్పొద్దనీ, ఊరికే చూడాలనిపించి వచ్చామందామనీ, తెలిస్తే తన చదువు ఈ రోజుతో సరి అనీ. అది నిజమే. పిన్నిని పంపిన నాటి నుంచీ ఊళ్ళోవాళ్ళు ఇలాంటి కబురు కోసమే ఎదురుచూస్తున్నట్టుండేవారు.

మామ్మగారు నీళ్ళకేసి చూస్తూనే అంది.

"దాచావనుకో. రేపు ఇంకొకడొచ్చి, నేను చెప్పినట్టు వినకపోతే మీ నాన్నగారికి చెప్పేస్తానంటాడు. అప్పుడు ఎవరి దగ్గరికి వెళతావమ్మా?"

పిన్ని రేవు వచ్చేదాకా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తాతయ్య అరటితోటలో గెలలు కొట్టిస్తున్నారు. నిక్షేపంలా ఉన్నారు. మమ్మల్ని చూసి, ముగ్గురు ఆడవాళ్ళు వేళకాని వేళ వచ్చారేమిటని ఆయనే కంగారుపడి ఎదురొచ్చారు. ఇంటికి వచ్చాక పిన్నే చెప్పింది, మామ్మగారు పక్కన నిలబడింది. అప్పటికే అరుగు నిండా మనుషులు. పట్నం చదువులంటే ఇంతేననీ, ఈ మధ్యాహ్నం తప్పింది రేపు తప్పుతుందా అనీ, పిల్లని ఇక కదపొద్దనీ తలా ఒక మాట అన్నారు. తాతయ్య మాత్రం తన పేరు వాడికెలా తెలిసిందని ఒక్కటే అడిగారు.

పిన్నికి అప్పుడు గుర్తొచ్చింది. ముందురోజు సోడాకొట్టు దగ్గర అతనే మా క్యారేజీ ఎత్తి, బరువుగా ఉందండి అంటూ అటూ ఇటూ తిప్పి చూసి చేతికిచ్చాడు. పుస్తకాలు చూశాడు, నన్ను చూసి నవ్వాడు. అక్కణ్ణుంచి మా వెనకే ఇంటిదాకా వచ్చి ఉంటాడు. అతనికి కావలసిందంతా తాతయ్యే గిన్నె మీద చెక్కించి, రోజూ బస్సులో పంపించారు.

తాతయ్య లేచి దొడ్లోకి వెళ్ళి, కొడవళ్ళకి పదును పెట్టే ఆకురాయి తెచ్చుకున్నారు. క్యారేజీ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పేరు మీద రుద్దడం మొదలుపెట్టారు. ఆ కీచుమనే చప్పుడుకి నా పళ్ళు జివ్వుమన్నాయి. అరుగు మీదవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. ముందు ఊరు పోయింది, తర్వాత పేరు. గారు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నాన్న కూడా నవ్వలేదు.

మొత్తం అరిగాక ఆ గరుకు చోటుని బొటనవేలితో తుడిచి, క్యారేజీ పిన్ని చేతికిచ్చారు. పొద్దున్న మొదటి పడవకి వెళ్ళిపొమ్మన్నారు. తర్వాత ఆయన అన్నది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"నేను పోతున్నానని ఎవడైనా చెబితే తొందరపడి రాకమ్మా. తెలిసినవాళ్ళని వెంటబెట్టుకుని ఆలస్యంగానే రా. నేనేమీ అనుకోను."

అందరూ తొందరగా రమ్మనే లోకంలో ఆయన ఒక్కరే కూతురికి ఆలస్యంగా వచ్చే హక్కు ఇచ్చారు. అది హక్కని అప్పుడు నాకేం తెలుసు. పడవ తప్పితే తప్పింది పొమ్మన్నారనుకున్నాను.

పిన్ని చదువు ఆఖరి ఏడాదిలో, నేను సెలవలకి ఊళ్ళో ఉండగా, తాతయ్యకి బాగోలేదని నిజంగానే కబురొచ్చింది. తెచ్చినవాడు తోటలో కొత్తగా చేరిన మనిషి, పిన్ని ఎప్పుడూ చూడలేదు. అమ్మ ఎలా ఉందని అడిగింది. వాడు బిత్తరపోయి, అమ్మగారెక్కడున్నారండి, ఎప్పుడో పోయారన్నారు కదా అన్నాడు. అయినా వాడి వెంట ఒంటరిగా బయల్దేరలేదు. గుడికి వెళ్ళిన మామ్మగారు తిరిగొచ్చేదాకా ఆగి, ఆవిడని తీసుకుని వచ్చింది. సాయంత్రం ఆఖరి పడవ తప్పిపోయింది. రాత్రంతా రేవు దగ్గర తెలిసినవాళ్ళ ఇంట్లో కూర్చుని, తెల్లవారాక దాటారు. అప్పటికి తాతయ్య లేరు. ఆఖరి చూపుకి కూడా రాలేకపోయిందని ఎవరో దెప్పిపొడిచారు. పిన్ని ఏడుస్తూనే చెప్పింది, నాన్నగారు ఏమీ అనుకోరు, నాకు ముందే చెప్పారని.

పిన్ని టీచరై, హెడ్మిస్ట్రెస్సై, పోయిన వేసవిలో ఆవిడా వెళ్ళిపోయింది. క్యారేజీ నా వంటింటి గూట్లోకి వచ్చింది. మిగతా అంతా నున్నగా మెరుస్తుంది, ఆ ఒక్క చోట మాత్రం గరుకు. తోమేటప్పుడు పీచు అక్కడ పట్టుకుంటుంది. ఇప్పుడు పేరు చెక్కించిన గిన్నెలు ఎవరూ మోసుకు తిరగడం లేదు, కానీ అంతకంటే ఎక్కువే ఫోనులో పెట్టి ఊరంతా తిప్పుతున్నారు. అరవై ఏళ్ళు గడిచినా ఆ కండువా మనిషి అదే పేరు చెప్పి, అదే తొందర పెడుతున్నాడు. తలుచుకుంటే విసుగొస్తుంది.

మొన్న సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. అమ్మమ్మా నేనే అంది. గొంతు మా పిల్లదే. ఈ రోజుల్లో గొంతుని నమ్మడానికి కూడా లేదంటున్నారు.

"మీ అన్నయ్య అన్నం తిన్నాడా?" అని అడిగాను.

అవతల పెద్ద నిట్టూర్పు. "నాకు అన్నయ్య లేడు అమ్మమ్మా. నా ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది, ఫ్రెండ్ ఫోన్ ఇది. ఎన్నిసార్లు అడుగుతావు?"

ఆ విసుగు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది. కాసేపు మెస్సులో కూర గురించి తిట్టుకుంది. పెట్టేసే ముందు, ఏదో ఆటకి అన్నట్టు అడిగింది, మరి నిజంగానే నీకు బాగోలేదని నాకు ఫోనొస్తే ఏం చెయ్యాలి అని.

ఎదురుగా గూట్లో క్యారేజీ ఉంది. "అయినా సరే, ఆలస్యంగానే రా తల్లీ. నేనేమీ అనుకోను," అన్నాను.

దానికి మా పిల్ల, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగింది.