చండ్రుగొండలో కాక తాగిన చాయ్

కాక పోయాడని మా కెప్టెన్ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. బాధతో నమ్మకపోవడం కాదు, ఆయన మాకు నేర్పిన అలవాటు అది. "ఎవరు చూసిన్రు?" అని అడిగాను. "చిన్నమ్మ చూసింది, డాక్టర్ చూసిండు, నేను చూసిన. ఇంకెవరు చూడాలెరా?" అని వాడు ఏడ్చాడు. పొద్దున గ్రౌండుకు బయల్దేరి, చెప్పులు వేసుకోవడానికి అరుగు మీద కూర్చున్న మనిషి అట్లాగే పక్కకు ఒరిగిపోయాడట. దవాఖానాకు చేరేసరికే ఏమీ మిగల్లేదట. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు నన్ను ఒకటే అనుమానం పీకింది. ఆయన కావాలనే కళ్లు మూసుకుని పడుకుని, మేం ఏం చేస్తామో చూస్తున్నాడేమో అని.

ఆయన నాకు చుట్టం కాదు. సత్తుపల్లిలో మా క్వార్టరుకు ఎదురు క్వార్టరు ఆయనది. బొగ్గు బస్తీల్లో తండ్రి వయసు వాళ్లందరూ కాకలే గానీ, మా రగ్బీ జట్టులో కాక అంటే మాత్రం ఆయనొక్కడే. మాకు స్క్రమ్ నేర్పింది ఆయన.

ఈ ఆట చూడనివాళ్లకు స్క్రమ్ అంటే ఏమిటో కాస్త చెప్పాలి. ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది వంగి, తలలు ఒకరి సందున ఒకరు దూర్చి, భుజాలతో తోసుకుంటారు. నడుమ బంతి వేస్తారు. ముందు వరసలో ముగ్గురు. రెండు పక్కలా ఉండేవాళ్లు ప్రాప్‌లు, మధ్యవాడు హుకర్. ఆ మధ్యవాణ్ణి నేను. వెనక నుంచి వచ్చే బలమంతా ఈ ముగ్గురి మెడల మీదుగానే పోవాలి, అందుకే రూల్స్ అన్నీ ఇక్కడే ఉంటాయి. ప్రాప్ ఎదుటివాడి జెర్సీని వీపు మీదో పక్కనో పట్టుకోవాలి గానీ స్లీవ్ గుంజకూడదు. తిన్నగా తోయాలి, ఏటవాలుగా లోపలికి దూరకూడదు. కావాలని స్క్రమ్ కూల్చకూడదు. మోసాలన్నీ జరిగేది కూడా ఇక్కడే. తలలన్నీ లోపలుంటే రెఫరీకి కనిపించేది సగమే కదా.

కాక మొదట్లో భూగర్భ గనిలో పని చేసి, అది మూతపడ్డాక ఓపెన్‌కాస్టుకు వచ్చాడు. ఆకాశం కిందికి వచ్చినా పైకప్పును అనుమానించే బుద్ధి ఆయనను వదల్లేదు. పెళ్లికి పోతే ముందు పందిరి గుంజను పట్టుకుని ఊపి చూసేవాడు, ఆ తర్వాతే కూర్చునేవాడు. పెళ్లివాళ్లు నొచ్చుకుంటే ఆయన భార్య, మా అందరి చిన్నమ్మ, వాళ్లకు సర్దిచెప్పేది. గనిలో పైబండను కర్రతో తట్టి చూస్తారు. గట్టి బండ ఖంగుమంటుంది, విడిన బండ బోలుగా పలుకుతుంది. మేము వంగి ఒకరినొకరు పట్టుకుని ఉంటే ఆయన చుట్టూ తిరుగుతూ మా వీపుల మీద వెదురు కర్రతో అట్లాగే తట్టేవాడు. "ఈడ బోలుగ ఉంది" అనేవాడు. అక్కడ ఎవడో ఒకడు పట్టు వదిలేసి ఉండేవాడు. ఒక్కోసారి ఎవడూ వదిలి ఉండేవాడు కాదు, అయినా ఆయన తన మాట మార్చుకునేవాడు కాదు.

"అనుమానం పెనుభూతం అంటరు. అది పైన బతికేటోళ్ల మాట. కింద నమ్మకమే పెనుభూతం. మంచి బండనే కదా అనుకున్నోడే పోతడు" అనేవాడు.

రగ్బీలోకి కూడా ఆయన అనుమానంతోనే వచ్చాడు. స్కూల్లో వ్యాయామం సారు ఈ ఆట మొదలుపెట్టిన రోజుల్లో, దాన్ని ఆపించడానికే గ్రౌండుకు వచ్చాడు. "మెడలు ఇరిగే ఆట పిల్లలకెందుకు సారూ?" అని పోట్లాడాడు. ఆ తర్వాత రోజూ వచ్చి, గని మట్టిదిబ్బ నీడలో నిలబడి తప్పులు వెతికేవాడు. సారు విసిగిపోయి, "అయితే ఆ మెడలేవో మీరే కాపాడండి" అన్నాడు. కాక దాన్ని ఆర్డరు కిందే తీసుకున్నాడు. హైదరాబాద్ పోయి కోచ్‌ల శిక్షణలో కూర్చున్నాడు. సారుకు బదిలీ అయ్యాక జట్టంతా ఆయన చేతికే వచ్చింది.

ఎదుటి జట్టు వస్తే చాలు, ఆయన కళ్లు చిన్నవయ్యేవి. వాళ్ల బూట్లు చూసేవాడు, గోళ్లు చూసేవాడు, వాళ్లు ఏ దిక్కు నిలబడి నీళ్లు తాగుతున్నారో చూసేవాడు. వాళ్ల కోచ్ నవ్వుతూ చెయ్యి కలిపితే ఆ రోజంతా మాకు జాగ్రత్తలే. "పొద్దుగాల నవ్వినోడు పగటీలి మెడ వంచుతడు" అనేవాడు. ఆ రోగం మాకూ అంటుకుంది. చివరికి తిరిగి ఆయననే పట్టుకుంది.

కొత్తగూడెం జట్టుతో ఒక మ్యాచ్‌లో వాళ్ల కుడి ప్రాప్ ఏటవాలుగా మా కెప్టెన్ ఛాతీ కిందికి దూరాడు. కెప్టెన్ మా ఎడమ ప్రాప్. స్క్రమ్ కూలింది, వాడి మెడ మడత పడింది. నెలల తరబడి మెడకు పట్టా వేసుకుని ఇంట్లో కూర్చున్నాడు. చిన్నకూతురు ఎత్తుకోమని చేతులు చాపితే లేచి లోపలికి పోయేవాడు. మరుసటి ఏడు మళ్లీ వాళ్లతోనే మ్యాచ్ పడింది. ఆ పాత ప్రాప్ ఆట మానేశాడనీ, వాడి చోట కొత్తవాణ్ణి దించుతున్నారనీ తెలిసింది.

"ముందు వరస మొఖం ఎన్నడు చూడనోడట" అన్నాడు కెప్టెన్. "రెఫరీ సెట్ అనంగనే నేను వాని స్లీవ్ కిందికి గుంజుత. వాడు వడ్తడు. కొత్తోడు గదా, రెఫరీ తప్పు వాని మీదనే రాస్తడు. రెండు మూడు సార్లు గట్లయితే వాన్ని బయటికి పంపుతరు. అయిపాయె."

మాకందరికీ అది న్యాయంగానే తోచింది. వాడి మెడను మేమందరం చూశాం. కాకకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ వారం ప్రాక్టీసులో కాక కర్ర వచ్చి కెప్టెన్ ఎడమ మోచేతి దగ్గర ఆగింది.

"ఈ చెయ్యి ఎటు పోతుంది?"

"జెర్సీ మీదికే, కాక."

"మరి వేళ్లేంది, స్లీవ్ దిక్కు చూస్తున్నయ్?"

కెప్టెన్ వేళ్లు ముడుచుకున్నాడు. కాక ఇంకేమీ అడక్కుండా కర్ర తీసుకుని అవతలి వీపు మీదికి పోయాడు. ఆయన అంత తేలిగ్గా వదిలేయడం మాకు ఏమాత్రం నచ్చలేదు.

మ్యాచ్‌కు ముందురోజు, గ్రౌండు అంచున పరిగెత్తే మా వింగర్ అత్తగారి ఊరు చండ్రుగొండ నుంచి వచ్చి మమ్మల్ని పక్కకు పిలిచాడు. బస్టాండ్ దగ్గర హోటల్లో కాక, కొత్తగూడెం కోచ్ ఎదురెదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నారట.

"ఏం మాట్లాడుకుంటున్నరు?"

"ఇనవడలే. కానీ కాక తన అంగీ చెయ్యి తనే పట్టుకుని గిట్ల కిందికి గుంజి చూపిచ్చిండు."

ఇంకేం కావాలి. ఎన్నడో గాలికి వదిలేసిన మాటలన్నీ ఒకటొకటిగా వచ్చి చేరాయి. పోయిన నెల ఆయన కొత్తగూడెం ఎందుకు పోయిండు అన్నాడొకడు. పన్ను పీకించుకోనీకి అన్నాడు ఇంకొకడు. సత్తుపల్లిల పండ్లు పీకరా అన్నాడు మొదటివాడు. వాళ్లు ఆయనకు కోచ్ పదవి ఇస్తున్నారని సాయంత్రానికల్లా తేలిపోయింది. ఎట్లా తేలిందో ఎవరికీ తెలియదు. అయినా మా ఎత్తు మేం మార్చుకోలేదు. తెలిసినా వాళ్లేం చేయగలరు, గుంజే చెయ్యి మాది కదా అనుకున్నాం.

మ్యాచ్ రోజు పొద్దున, ఆటకు ముందు చేసే పరీక్ష కోసం రెఫరీ రెండు జట్ల ముందు వరసలను పిలిచాడు. బూట్లు చూశాడు. పట్టు గురించి, కూల్చడం గురించి చెప్పాడు. ఎవరికైనా ఏమైనా చెప్పేది ఉందా అన్నాడు. కాక ముందుకు వచ్చాడు.

"సార్, మా ఎడమ ప్రాప్ ఇయ్యాల స్లీవ్ గుంజుతడు. మీరు ఆ దిక్కే నిలబడి చూడుండ్రి."

రెఫరీ కాకను పైనుంచి కిందికి చూశాడు. సొంత జట్టును పట్టిచ్చే కోచ్‌ను ఏ రెఫరీ నమ్ముతాడు?

"మీవాళ్ల మీద మీరే కంప్లైంటా?"

"అవ్ సార్. ఇగ రెండోది. వాళ్ల కుడి దిక్కు పిలగాడు ముందు వరసల ఎన్నడు ఆడలే. నన్ను నమ్మకుండ్రి. వాన్నే అడుగుండ్రి."

రెఫరీ అడిగాడు. ఆ పిల్లవాడు తన కోచ్ వైపు చూశాడు. కోచ్ నేల వైపు చూశాడు. "ఆడలేదు సార్. ఈ వారమే నేర్పిస్తున్నరు" అన్నాడు వాడు. వాడి మెడ సన్నగా, చెవుల కింద ఇంకా లేతగా ఉండటం నేను అప్పుడే గమనించాను.

నేర్చుకున్న ముందు వరస లేకపోతే తోసుకునే స్క్రమ్ ఉండకూడదు. రూల్ అది. రెఫరీ అదే చెప్పాడు. ఇవ్వాళ స్క్రమ్‌లో ఎవరూ తోయకూడదు, బంతి వేసినవాళ్లకే బంతి. మా జట్టుకు ఉన్న బలం ఒక్క స్క్రమ్మే. వాళ్లకేమో పరిగెత్తేవాళ్లు ఉన్నారు. ఓడిపోయాం. గట్టిగానే ఓడిపోయాం.

ఆట అయ్యాక కెప్టెన్ పోయి కాక ఎదురుగా నిలబడ్డాడు.

"కాక, నువ్వు మా దిక్కేనా?"

"అవ్."

"మరి గట్లెందుకు చేసినవ్? నా మెడ పోయిననాడు ఎవడన్న వచ్చి చెప్పిండా?"

"ఎవడు చెప్పలే" అన్నాడు కాక. "అందుకే పోయింది."

అంతే. ఆయన మా బూట్లన్నీ సంచిలో వేసుకుని నడిచాడు.

ఆ తర్వాత కూడా రోజూ వచ్చాడు, రోజూ మా వీపులు తట్టాడు. కెప్టెన్ అవసరానికి మించి ఆయనతో మాట్లాడలేదు. కోచ్ పదవేమీ రాలేదు, ఆయన ఎక్కడికీ పోలేదు. అయినా చండ్రుగొండ చాయ్ మా నడుమ అట్లాగే ఉండిపోయింది. ఒకరోజు నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఆ రోజు ఆయనతోని ఏం మాట్లాడినవ్ కాక?"

"చెప్తె నమ్ముతవా?"

నమ్మనన్నాను.

"మంచిది. గట్లనే ఉండు" అని నవ్వి, కర్ర తీసుకుని లేచాడు. ఆయన నవ్వడం చాలా అరుదు. ఆ నవ్వు మీద కూడా నాకు అనుమానమే కలిగింది.

శవయాత్ర నాడు కొత్తగూడెం కోచ్ వచ్చాడు. మావాళ్లు కొందరు ఆయనను చూసి మొహాలు తిప్పుకున్నారు. డప్పుల వెనక నడుస్తూ ఆయన నా పక్కకు వచ్చాడు. నేను అడగకముందే చెప్పాడు.

"ఆనాడు మీ కాక నన్ను చండ్రుగొండకు పిలిచిండు. కూసోంగనే మొదలు మీ తప్పే చెప్పిండు. మావోడు స్లీవ్ గుంజుతడు, మీ పిలగాని మెడ పోతది, వాన్ని దించకు అన్నడు. నేను నమ్మలే. మా ప్రాప్‌ను తీసేపిచ్చేటందుకు ఇదో ఎత్తు అనుకున్న."

"మరి ఆయనేమన్నడు?"

"మీ నాయన ఏ గనిల చేసిండు అని అడిగిండు. చెప్పిన. మరి నీకు ఎరుక గదా అన్నడు. షిఫ్ట్ మారేటప్పుడు పైకి వచ్చేటోడు, కిందికి దిగేటోనికి బండ యాడ విడిందో చెప్పి రావాలె. యూనియన్ వేరైనా, కొట్లాట ఉన్నా, మాటలు లేకున్నా చెప్పాలె. చెప్పకుండ ఇంటికి పోతే వాన్ని సంపినట్టే. నేను చెప్పిన, ఇగ నీ ఇష్టం అన్నడు." కోచ్ ముందు పోతున్న పాడె వైపు చూశాడు. "అయినా నేను వాన్ని దించిన. అందుకే ఆయన రెఫరీకి చెప్పిండు."

సొంతవాళ్ల తప్పును ముందెందుకు చెప్పాడో కూడా నాకు అప్పుడే అర్థమైంది. ఎదుటివాళ్ల మీద మాత్రమే వేలు చూపితే రెఫరీ దాన్ని ఎత్తు అనుకునేవాడు. తన ఇంటి తప్పు మొదట బయటపెట్టినవాణ్ణి ఎంత అనుమానం మనిషైనా ఒక్కసారి వింటాడు. అనుమానం లోతుపాతులు ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఈ ముక్క మాకు చెప్తే ఏం పోయేది? నమ్మేవాళ్లమో కాదో, చెప్పి ఉండాల్సింది. ఇంత మంచి పనిని మా అనుమానం కింద వదిలేసి, అంతకాలం మా వీపులు తడుతూ తిరిగాడు. ఆ వీపుల్లో ఒక్కటి కూడా ఇంతవరకు విరగలేదు. ఆయన రుణం ఇప్పుడు ఎవరికి తీర్చాలో నాకు తెలియడం లేదు.

దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. పోయినవాళ్ల చెవిలో పేరు పెట్టి పిలిచి, నిజంగా పోయారో లేదో చివరిసారి చూసుకునే చోటది. కాక జీవితంలో ఒప్పుకున్న ఆచారం ఇదొక్కటే అయి ఉంటుంది. చిన్నమ్మ కెప్టెన్‌ను పిలవమంది. వాడు మోకాళ్ల మీద కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి, కాక, కాక, కాక అన్నాడు. ఆ తర్వాత కూడా చాలాసేపు అట్లాగే వంగి విన్నాడు.

పాడె మళ్లీ లేచింది. కొంత దూరం పోయాక, ముందు ఎడమ కొమ్ము మోస్తున్న యువకుడి భుజం మార్చడానికి నేను వెళ్లాను. మావాడు కాడు, ఎవరో అనుకున్నాను. మెడ బలంగా, చెవులు రాసుకుపోయి ముందు వరస ఆటగాడిలా ఉన్నాడు. దగ్గరికి పోయాక గుర్తుపట్టాను. ఆ రోజు సన్నటి మెడతో రెఫరీ ముందు నిలబడిన కొత్తగూడెం పిల్లవాడు. నేను బొంగు కిందికి భుజం పెట్టినా అతను వదల్లేదు.

"జర ఆగు అన్నా. ఈ బొంగు కణుపు కాడ పగిలింది. లోపలికి పెట్టుకుంటే బరువు మెడ మీద పడ్తది. బయటికి పెట్టుకో."

నేను భుజం బయటికి జరుపుకున్నాను. బరువు నా మీదికి సరిగ్గా దిగిందో లేదో అతను చేత్తో తడిమి చూశాడు. చూసుకున్నాకే తన భుజం తీశాడు.