జర్మనీ పీట, జొన్న పాతర

ఆ కాలంలో పని చేసిన కుక్కకే ముద్ద. ఇప్పుడు మా మనవడి కుక్క పరుపు మీద పడుకుని డబ్బా తిండి తింటుంటే నాకు ఒళ్లు మండుతుంది. మండినప్పుడల్లా మా ‘పీట’ గుర్తొచ్చి మూతి బిగించుకుంటాను. నేను జమ్మలమడుగుకు కొత్తగా కాపురానికొచ్చిన ఏడు, మా మామ కాపలా కుక్క కోసం ప్రొద్దుటూరుకు పోయాడు. అక్కడ ఊరొదిలి పోతున్న ఒక ఇంజనీరు ఊరికే ఇచ్చాడని (ఊరికే వస్తే మా మామ తేలునైనా జేబులో వేసుకొచ్చే రకం) జర్మనీ జాతి కుక్కనొకదాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఒళ్లు బారెడు, కాళ్లు బెత్తెడు. చెవులు తమలపాకుల్లా వేలాడేవి. నల్లటి బొచ్చు నూనె రాసినట్టు మెరిసేది. నడిస్తే పొట్ట వాకిలి ఊడ్చేది. మా అత్త దాని చుట్టూ తిరిగి చూసి, "ఏందిది, పీటకు తోక తగిలించుకోనొచ్చినావు? మిగతా కాళ్లు యాడబెట్టినావు?" అంది. "దాని జాతే అంత. బొక్కల్లో దూరి జంతువుల్ని ఈడ్చుకొస్తాదంట" అన్నాడు మామ. పేరు మాత్రం పీటగానే స్థిరపడింది.

గుణం సంగతికొస్తే, కొత్తవాళ్లు గడప తొక్కితే తోకాడించేది. పిలిస్తే విననట్టు నటించేది. తిండి మాత్రం నిలువెత్తు కుక్క తిండి. రొట్టెలు దండగవుతున్నాయని నా బాధ. (నేను బడికి పోయింది రెండో తరగతి దాకానే. తిన్నదానికి పని చేయించడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది.) మా గొడ్ల కొట్టం నిండా పందికొక్కుల బొక్కలు. ఆ బొక్కల్లో వాసన పట్టేలా రుద్దిన గుడ్డపీలికను మట్టిలో పూడ్చి "తవ్వు" అనేదాన్ని. తీస్తే రొట్టె ముక్క. తీయకపోతే ఆ ముక్క దాని కళ్లెదుటే నేను తినేసేదాన్ని. కొన్నాళ్లకు మాట వినగానే మట్టి ఎగరగొట్టడం నేర్చింది. ఒకసారి ముక్కు నేలకు ఆనించిందంటే ఇక పిడుగు పడినా దానికి వినబడదు.

ఆ ఎండాకాలం మా అత్త చెల్లెలు పులివెందుల నుంచి వచ్చింది. వస్తే తొందరగా కదిలే మనిషి కాదు. అందుకే మా అత్త మొదటిపూటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఏం జెప్పేది చెల్లే, పాతర ఖాళీ. గింజల్యాక మేమే అల్లాడతాండాము" అంది. నేనూ నమ్మాను. నమ్మి ఆ పూట ఒక రొట్టె తక్కువ తిన్నాను. (పాతర అంటే జొన్నలు దాచే గొయ్యి. నోటికి బండ వేసి పైన మట్టి మెత్తితే ఎక్కడుందో ఇంటివాళ్లు చెప్పాల్సిందే. కొత్త కోడలికి ఎవరు చెప్తారు?)

మరునాడు చిన్నత్త పీటను చూసి, "ఈ కురచదాంతో ఏం పనమ్మీ? దీని మింద కూకోని రొట్టెలు చేస్తాండావా?" అని నవ్వింది. నాకు పౌరుషమొచ్చింది. "సూపిస్తా రా చిన్నత్తా" అని కొట్టంలోకి తీసుకుపోయి "తవ్వు" అన్నాను. పీట ముక్కెగరేసి, పందికొక్కుల బొక్కలన్నీ వదిలేసి, మూలనున్న జొన్నచొప్ప కిందికి దూరింది. (గింజలున్న చోటే పందికొక్కుల వాసన ఎక్కువని నాకప్పుడు తట్టలేదు.)

"ఒద్దమ్మీ! ఆడికి పోనీయాకు! పట్టుకో దాన్ని!" మా అత్త ఉరుక్కుంటూ వచ్చి తోక పట్టి లాగింది. తోక ఆమె చేతిలో, ముక్కు మట్టిలో. ఎంత లాగినా అది ఇంకా పొడుగైనట్టు కనిపించిందే గానీ బయటికి రాలేదు. చూస్తుండగానే బండ అంచు తేలింది. పాతర వాసన గుప్పుమంది.

చిన్నత్త నిదానంగా ముక్కు ఎగబీల్చి, "అక్కా, మీ ఖాళీ పాతర శానా బాగా వాసనొస్తాందే" అంది.

ఆ పాతర సగమయ్యేదాకా ఆమె ఉంది. పోయే రోజు మా అత్త ఒక మూట జొన్నలతో పాటు పీటనూ బండెక్కించింది. "దీన్ని నువ్వే పెట్టుకో చెల్లే. పనిమంతురాలు" అంది పళ్ల బిగువున. ఎవరూ చూడకుండా నేను పీటకు నెయ్యి రాసిన రొట్టె పెట్టాను (ఒక వైపే రాశాను).

మరుసటి ఏడు మా అత్త పులివెందులకు పోయి, ముఖం వెలిగిపోతూ తిరిగొచ్చింది. "మా చెల్లెలు గూడా గింజల్యాదనే జెప్పింది అమ్మీ. నేను పీటను పిలిచి, నువ్వంటావే, ఆ మాట అన్నా. అంతే!"

మొన్న మనవడి కుక్క నా మంచం కింద చేరి, అయిపోయాయని నేను అందరికీ చెప్పిన నువ్వుల ఉండల డబ్బాకు ముక్కు ఆనించి కూర్చుంది. దానికి ఎవరూ ఏమీ నేర్పలేదు. అయినా గబగబా ఒక ఉండ తీసి దాని నోట్లో పెట్టాను. ఏ పనీ చేయని కుక్కకు నా చేత్తో పెట్టడం అదే మొదటిసారి. మా అత్త చూసి ఉంటే, ఎందుకు పెట్టానో ఆమెకు చెప్పనక్కర లేకపోయేది.