రెండోసారి పిలవని ఊరు

నా చిన్నప్పుడు, అమెరికాలోని షామ్‌బర్గ్‌లో మేము అద్దెకున్న అపార్ట్‌మెంట్‌కి ఎదురు వాటాలో ఒక అమెరికన్ రచయిత్రి ఉండేవారు. డెబ్బైల చివరి సంవత్సరాలవి. మా అమ్మ ఆవిడను నవలలావిడ అనేది. పగలంతా టైప్‌రైటర్ చప్పుడు వినిపించేది. ఆవిడ తలుపు ఎవరైనా తట్టగా మాత్రం నేను చూడలేదు.

మాది ఒకప్పుడు జమీందారీ కుటుంబం. భూములు పోయాయి, మేడ పోయింది. నాన్నగారు ఇక్కడ ఒక ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. ఇంటి మర్యాదలు మాత్రం మాతోనే వచ్చాయి. ఎవరైనా ఏదైనా పెట్టబోయినా, ఎక్కడికైనా రమ్మన్నా, మొదటిసారి వద్దనాలి. వాళ్ళు మళ్ళీ అడగాలి, కాస్త బతిమాలాలి. అప్పుడు ఒప్పుకోవాలి. అడగగానే సరే అనడం మా ఇంట్లో ఆబగా తినడంతో సమానం. నేను వీపు నిటారుగా నిలిపి ఈ మర్యాదను పాటించేదాన్ని. ఈనాటికీ దాన్ని ఎవరైనా ఎగతాళి చేస్తే ఊరుకోను.

స్కూల్లో నాతో మాట్లాడే పిల్ల ఒక్కతే. బస్సులో నా పక్కన కూర్చునేది. శనివారం తన పుట్టినరోజని, ఐస్ స్కేటింగ్‌కి వెళ్తున్నామని, నన్నూ రమ్మని ఒకరోజు పిలిచింది. ఎగిరి గంతేయాలనిపించింది. మర్యాదగా "నో, థాంక్యూ" అన్నాను. "ఓకే" అని ఆ పిల్ల కిటికీ వైపు తిరిగింది.

మళ్ళీ అడుగుతుందని మర్నాడు ఎదురుచూశాను. ఆ మర్నాడూ చూశాను. అడగలేదు సరికదా, వేరే సీట్లోకి మారిపోయింది.

ఇంట్లో చెప్తే నాన్నగారు పేపర్ దించకుండానే, "రెండోసారి పిలవనివాళ్ళు అసలు పిలిచినట్టే కాదమ్మా" అన్నారు.

"మీ దివాణం మర్యాదలు ఆ పిల్లకేం తెలుస్తాయండీ? ఇదే ఫోన్ చేసి వస్తానంటే పోలా?" అంది అమ్మ.

"మనింటి పిల్ల అడుక్కోవడమేమిటి?"

ఆ మాటతో అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం స్కూలు నుంచి వచ్చి, ఇంట్లోకి వెళ్ళబుద్ధి కాక మెట్ల మీదే కూర్చున్నాను. నవలలావిడ తలుపు తీసి, ఏమీ అడగకుండా లోపలికి తీసుకెళ్ళారు. కుకీల ప్లేటు చూపించి "తింటావా?" అన్నారు. వద్దన్నాను. ఆవిడ ప్లేటు లోపలికి తీసుకెళ్తూ వెనక్కి తిరిగి, నా చూపు ఎక్కడుందో గమనించారు. తిరిగొచ్చి ప్లేటు మా ఇద్దరి మధ్యా పెట్టి, "మీ ఇంట్లోనూ ఇంతేనన్నమాట" అన్నారు. అప్పుడు స్కేటింగ్ సంగతి మొత్తం చెప్పేశాను.

ఆవిడ తన కథ చెప్పారు. వాళ్ళ నాన్నకు దేశంలో తూర్పు వైపున ఒక బట్టల మిల్లు ఉండేదట. అది మూతపడి, పెద్ద ఇల్లు అమ్ముకుని, ఒక దుకాణం పైన గదుల్లోకి మారారట. ఆ వేసవిలో ఈవిడ పాత స్నేహితురాలు కార్లో వచ్చి, సరస్సు దగ్గరి తమ ఇంటికి రమ్మందట. మాకు వేరే పనులున్నాయని చెప్పమంది వాళ్ళమ్మ. ఈవిడ అలాగే చెప్పారు. కారు వెళ్ళిపోయింది. ఆ తరువాత ఆవిడ రాసిన నవలలన్నిటిలోనూ చితికిపోయిన పెద్దింటివాళ్ళే. ఎవరో ఒకరు వచ్చి పిలుస్తారు, వీళ్ళు తల ఎత్తుకుని రామంటారు.

"క్రిటిక్స్ దాన్ని సోషల్ క్లాస్ అంటారు. నాకైతే అది ఒక కారు వెళ్ళిపోయిన చప్పుడు" అని నవ్వారు.

టైప్‌రైటర్‌లో కొత్త కాగితం పెట్టి, "ఈ పుస్తకంలో పిల్లని ఇప్పుడే ఎవరో రమ్మన్నారు. ఏమంటుందో నువ్వు చెప్పు" అన్నారు.

"వద్దంటుంది. కానీ వాళ్ళు మళ్ళీ పిలుస్తారుగా."

"పిలవరు, హనీ. నువ్వు వద్దంటే నిజంగానే వద్దని నమ్ముతారు. అది వాళ్ళ మర్యాద."

ఫోన్ తెచ్చి నా ముందు పెట్టారు. ఆ పిల్ల ఇంటికి డయల్ చేశాను. నేనూ రావచ్చా అని అడిగాను. "నేనంటే నీకు ఇష్టం లేదనుకున్నా" అంది ఆ పిల్ల.

శనివారం వెళ్ళాను. చాలాసార్లు పడ్డాను. పడ్డప్పుడల్లా ఆ పిల్ల చెయ్యి అందించింది.

ఆదివారం అమ్మ పులిహోర చేసి, నవలలావిడను భోజనానికి పిలుచుకు రమ్మంది. పనుందన్నారు ఆవిడ. మా పద్ధతి ప్రకారం మళ్ళీ పిలిచాను. ద్వారబంధం మీద చెయ్యి వేసి, మా తెరిచిన తలుపు వైపు చూస్తూ ఒక క్షణం నిలబడ్డారు. "వెళ్ళు హనీ, మీవాళ్ళు నీకోసం చూస్తుంటారు" అని తలుపు వేసుకున్నారు. వెంటనే టైప్‌రైటర్ మొదలైంది. భోజనం చేస్తున్నంతసేపూ అది మాకు వినిపిస్తూనే ఉంది.

ఎవరైనా రమ్మంటే ఇప్పటికీ నా నోటికి ముందు వచ్చేది వద్దనే మాటే. దాన్ని మింగి, వస్తానంటాను. అన్న ప్రతిసారీ మా పెద్దల ఎదుట కొంచెం తల వంచినట్టే ఉంటుంది. అయినా కోటు వేసుకుని బయలుదేరతాను.