అరబా ఎడమకన్ను

మొరీ అనే జాలరి ఊరి తీరంలో చేపలు పొగబెట్టే ఆడవాళ్ళందరికీ కళ్ళు కారతాయి. పొయ్యి ఆరాక అందరి కళ్ళూ ఆరతాయి, అరబా ఎడమకన్ను తప్ప. నవ్వినా కారేది, చర్చిలో పాడినా కారేది. అయిదేళ్ళలో ఊరు దానికి అలవాటుపడిపోయింది.

ఆ అలవాటే ఆమె కొంప ముంచింది. మొగుడు క్వామెనా పోయిననాడు శవం పక్కన ఏడుస్తుంటే ఆడబిడ్డ మన్సా అందరి ముందూ అనేసింది: “దాని కన్ను ఎప్పుడు కారలేదు గనక? కెంకీ ముద్ద మింగుతున్నా కారుతుంది. ఇదీ ఒక ఏడుపేనా!”

కుడికన్ను కూడా తడిసిందని ఒక్కరూ చూడలేదు. ఏడాది సంస్మరణ నాటికైనా తన ఏడుపు ఏడుపులా కనబడాలని అరబా పట్టుబట్టింది.

మంగళవారం పడవలు వేటకు పోవు. అలాంటి ఒక మంగళవారం ఆమె పట్నంలో కంటాసుపత్రికి వెళ్ళింది. నర్సు పరీక్ష చేసి, కన్నీళ్ళు పోయే దారి మూసుకుపోయిందంది.

“కన్నీళ్ళకి దారేమిటమ్మా? బుగ్గ మీదేగా పడేది?”

“మరి ఏడిస్తే ముక్కెందుకు కారుతుంది పెద్దమ్మా?”

అరబా ముక్కు తడుముకుంది. ఎన్ని చావులకి ముక్కు చీది ఉంటుందో! ఈ ప్రశ్న ఒక్కసారీ బుర్రకి తట్టలేదు.

“అయితే ఆ దారి తెరిస్తే ఏడుపంతా ముక్కులోకే పోతుందా? ఇక బుగ్గ మీదకి రాదా?” అంది కంగారుగా.

“మామూలు తడే లోపలికి పోతుంది. పెద్ద దుఃఖం వస్తే ఏ దారి సరిపోతుంది? పొంగి బయటికొస్తుంది.”

డాక్టరు ముక్కులోకి కొత్త దారి చేశాడు. అది పూడిపోకుండా సేమియా పోగంత మెత్తని గొట్టం పెట్టాడు. కొసలు రెండూ ముక్కులో ఉంటే, మధ్య భాగం కంటి మూల పై రెప్ప నుంచి కింది రెప్పకి చిన్న మెలికగా కనబడేది. మూడు నెలలు దాన్ని ముట్టుకోకూడదు. అరబా మాత్రం రోజుకి పదిసార్లు అద్దంలో చూసుకుని మురిసిపోయేది.

నెల తిరిగాక మన్సా పొయ్యి దగ్గరికి వచ్చింది. వలలు బాగుచేసే చేతులు ఆవిడవి. మొరీలో కంట్లో ఏం మెరిసినా నైలాను ముక్కే అనుకుంటారు, అడక్కుండా తీసేస్తారు.

“కదలకే, కంట్లో వలపోగుంది!” అంటూ గోళ్ళతో పట్టి లాగింది. లాగితే వస్తూనే ఉంది. మెలిక సాగి బుగ్గ మీద వేలాడింది.

“అయ్యో వదినా, అది నా గొట్టం!”

మన్సా “నీ మెదడు గానీ లాగేశానటే?” అంటూ కత్తెర అందుకోబోయింది.

“కొయ్యకు! దాన్ని కొయ్యకూడదన్నారు!” అని అరిచి, అరబా దాన్ని ముక్కు పక్కన ప్లాస్టరుతో అంటించుకుంది.

మన్సా చేపలన్నీ వదిలేసి వెంట ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరు ముక్కులోంచి గొట్టాన్ని సర్దుతున్నంతసేపూ బయట నర్సుని కాల్చుకు తింది. ఎందుకు మూసుకుంది? ఎన్నాళ్ళయింది?

“ఏళ్ళయింది,” అంది నర్సు. “పాపం, ఏడ్చినా ఏడవకపోయినా ఆ కన్ను ఒకేలా ఉండేది. ఎవరికి తెలుస్తుంది?”

తిరిగొచ్చే దారంతా మన్సా అరబా రెండు కళ్ళనీ మార్చి మార్చి చూస్తూనే ఉంది.

మూడు నెలలకి గొట్టం తీసేశారు. కన్ను పొడిగా నిలిచింది. సంస్మరణ రోజు ప్రార్థన అయ్యేదాకా కూడా పొడిగానే ఉంది. అరబాకి భయం పట్టుకుంది. ఇప్పుడు కన్నీళ్ళే రాకపోతే?

అంతలో ఎవరో క్వామెనా తెడ్డు తెచ్చి ఫొటో పక్కన ఆనించారు. చెయ్యి పట్టే చోట అతని వేళ్ళకి అరిగిన గుంట కనబడింది. అంతే, రెండు కళ్ళూ పొంగాయి, ముక్కూ కారింది, గొంతులో ఉప్పు తగిలింది.

మన్సా లేచి వచ్చి పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఆ రోజూ ఏడ్చావు కదే?”

“రెండు కళ్ళతోనూ, వదినా.”

మన్సా తల తిప్పి, ఏడాది కిందట అన్నంత గట్టిగానే అందరికీ వినబడేలా అంది: “చూడండే, మా తమ్ముడి పెళ్ళాం ఏడుస్తోంది. ఆనాడూ ఏడ్చింది. గుడ్డిదాన్ని నేను.”